మద్దెల నిజంగానే ఓడైతే?



"ఆడలేక మద్దెల ఓడు" అనే సామెత మనందరికీ తెలుసు. చేతగానివాడు వాయిద్యం మీద నెపం వేస్తాడని దాని అర్థం. సామెతలో తప్పు లేదు. కాని దాన్ని మనం ఎంత తేలిగ్గా ఎదుటివాడి మీద విసురుతామో, ఆ మద్దెలను ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూద్దామని ఎంత అరుదుగా అనుకుంటామో ఈ మధ్య మాకు బాగా తెలిసివచ్చింది. ఆ సంగతి మాకు నేర్పింది ఒక పాత సైకిలు.

పూర్వ విద్యార్థులం కొందరం కలిసి హాస్టల్‌కి ఆ సైకిలు ఇచ్చాం. కొత్తది కాదు. మాలో ఒకరి ఇంట్లో మేడమెట్ల కింద ఏళ్ళ తరబడి పడి ఉన్నది. లావు టైర్లు, సూటిగా ఉండే హ్యాండిలు, వెనక గేర్లు. కుర్రాళ్ళు రేంజరు సైకిలు అంటారే, ఆ రకం. అసలు పేరు మౌంటెన్ బైకు. దుమ్ము తుడిచి, గాలి కొట్టించి, కొత్త బెల్లు బిగించి తెచ్చి ఇచ్చాం. ఫొటో దిగాం. దానితోపాటు ఒక్క పానా కూడా ఇవ్వలేదు.

నెల తిరక్కుండానే దానికి "తాగుబోతు సైకిలు" అని పేరు పడింది. నిటారుగా పోదు. అటొకసారి, ఇటొకసారి పాములా వంకర్లు పోతుంది. ఒక ఆదివారం తమ్ముళ్ళు కొందరు పల్లిపాడు వెళ్ళారు. పెన్న ఒడ్డున 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం చూసి తిరిగి వస్తుంటే, కాలవ మలుపు దగ్గర తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ఆ సైకిలు మీద నుంచి పడ్డాడు. వెనక వస్తున్న ఆటో అతను సమయానికి బ్రేకు కొట్టాడు కాబట్టి సరిపోయింది. అరచేతులు గీరుకుపోయాయి, గడ్డం కింద కుట్లు పడ్డాయి.

"అన్నా, హ్యాండిలు తిరగలా" అన్నాడు వాడు. మేమేమన్నాం? నవ్వి, ఆ సామెతే చెప్పాం. నడపడం సరిగ్గా నేర్చుకోరా అన్నాం. తరువాత వాడు ఆ సైకిలు ముట్టుకోలేదు. తోటివాళ్ళు ఎక్కుతుంటే పక్కన నిలబడి చూసేవాడు.

కొన్నాళ్ళకి బాగా సైకిలు తొక్కగల పదో తరగతి అబ్బాయి కూడా అలాగే తూలి రోడ్డు దిగిపోయాడు. అప్పుడుగాని మాకు అనుమానం రాలేదు. సైకిలు షాపుకి తీసుకుపోతే మొదటిసారి ముందు టైరు మార్చారు. రెండోసారి హ్యాండిలు మార్చారు. డబ్బులు అయిపోయాయి, సైకిలు నడకలో మార్పు లేదు. షాపతన్ని తప్పు పట్టం. "సరిగ్గా పోవడం లేదు" అని మాత్రమే మనం చెప్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఎప్పుడు, ఎటువైపు, ఏ వేగంలో, గాలి ఉన్నప్పుడా లేనప్పుడా అని మేము చూసుకుంటే కదా చెప్పడానికి.

చివరికి మాలో ఐటీఐ ఫిట్టరు చదివినవాడొకడు హాస్టల్‌కి వచ్చినప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ముందు చక్రం పైకెత్తి హ్యాండిలు తిప్పి చూశారా?" ఎవరూ చూడలేదు. ఇద్దరు పట్టుకుని చక్రం నేల మీద నుంచి లేపాం. హ్యాండిలు మెల్లగా తిప్పితే, సరిగ్గా మధ్యకి రాగానే గూట్లో పడ్డట్టు "టక్"మని ఆగిపోయింది. అక్కడి నుంచి కదలాలంటే కాస్త బలం పెట్టాల్సి వచ్చింది. జబ్బు అదే. తమ్ముడు మొదటి రోజే చెప్పిన మాట అదే.

అది అంత ప్రమాదం ఎందుకో తెలియాలంటే, సైకిలు పడిపోకుండా ఎలా పోతుందో కొంచెం తెలియాలి. గిర్రున తిరిగే చక్రాలే దాన్ని నిలబెడతాయని చాలామంది అనుకుంటారు. అదొక్కటే కారణం కాదు. 2011లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించారు. చక్రాల భ్రమణ ప్రభావం లేకుండా చేసిన ఒక ప్రత్యేకమైన సైకిలు కూడా, మనిషి లేకుండా తోసి వదిలితే, తనంతట తాను నిలబడి సాగిందని చూపించారు. అసలు కిటుకు ఏమంటే, సైకిలు ఎటు ఒరిగితే హ్యాండిలు అటు తిరగాలి. అలా తిరిగితే చక్రాలు ఒరిగిన బరువు కిందికి వచ్చి మళ్ళీ నిలబెడతాయి. మనం నిటారుగా పోతున్నామనుకునేటప్పుడు కూడా హ్యాండిలు గోరంత అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. ఆ గోరంత కదలిక దగ్గరే హ్యాండిలు పట్టేస్తే, సర్దుబాటు ఆలస్యమవుతుంది. ఆలస్యమైంది కాబట్టి ఎక్కువ తిప్పుతాం. ఎక్కువైంది కాబట్టి మళ్ళీ ఇటు లాగుతాం. పాము నడక అలా పుడుతుంది. అందులో తొక్కేవాడి తప్పేమీ లేదు.

ఇంతకీ హ్యాండిలు మధ్యలో ఎందుకు పట్టేసింది? ఫ్రేము ముందు గొట్టానికి పైనా కిందా ఇనుప కప్పులుంటాయి. ఆ కప్పుల్లో గుండ్లు వరసగా ఉండి, ఫోర్కు సులువుగా తిరిగేట్టు చేస్తాయి. మనం ఎక్కువసేపు తిన్నగానే పోతాం కాబట్టి గుంటల్లో పడిన ప్రతి దెబ్బా ఆ గుండ్ల ద్వారా కప్పులో అవే చోట్ల తగులుతుంది. గ్రీజు ఎండిపోయి ఉంటే ఆ చోట్ల చిన్నచిన్న గుంటలు పడతాయి. గుండ్లు వాటిలో కూర్చుంటాయి. పైగా మనది సముద్రం పక్క ఊరు. మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు. సముద్రం దగ్గరికి పోయినవాళ్ళు సైకిళ్ళను తడి ఇసుక మీద తొక్కి, కడగకుండా తెచ్చి గోడకి ఆనిస్తారు. ఇసుక, ఉప్పు కలిసి కింది కప్పులో చేరతాయి. ముందు చక్రం చిమ్మే నీళ్ళు పడేది కూడా అక్కడే. మేము విప్పి చూస్తే కింది కప్పులో గ్రీజు అనేదే లేదు. ఎర్రటి తుప్పుపొడి రాలింది.

ఇక మా అభిప్రాయం చెప్తాం. పాత సైకిలు సరిగ్గా పోవడం లేదంటే మనిషిని తిట్టే ముందు, సామాను మార్చే ముందు, ఒక వరసలో చూడాలి. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చున్నవి తరువాత. మేము నేర్చుకున్న వరస ఇది.

మొదట గాలి. ముందు టైరులో గాలి తగ్గితే హ్యాండిలు బరువెక్కుతుంది, మలుపులో సైకిలు జారినట్టు ఊగుతుంది. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చుపోసి ఉంటుంది. చాలాసార్లు జబ్బు ఇక్కడే తేలిపోతుంది.

రెండోది బరువు. హ్యాండిలుకి ఒక పక్క పుస్తకాల సంచి తగిలిస్తే అటే లాగుతుంది. వెనక క్యారియరు మీద ట్రంకుపెట్టో, ఇంకో మనిషో కూర్చుంటే ముందు చక్రం తేలికై వణుకుతుంది. బరువు తీసి ఒకసారి తొక్కి చూడాలి. బరువు తీస్తే బాగా పోతే సైకిలుకి జబ్బు లేనట్టే.

మూడోది ముందు చక్రం. నట్లు బిగువుగా ఉన్నాయా, ఇరుసు ఫోర్కు రెండు కాళ్ళలోనూ పూర్తిగా కూర్చుందా చూడాలి. తరువాత చక్రం పైకెత్తి తిప్పి, రిమ్ముకీ బ్రేకు రబ్బరుకీ మధ్య సందు గమనించాలి. సందు ఒకచోట తగ్గి ఇంకోచోట పెరిగితే బెండు ఉన్నట్టు. స్పోకులు ఒక్కొక్కటే వేలితో నొక్కి వదులుగా ఉన్నవి పట్టుకోవచ్చు. రిమ్ము పైభాగం పట్టుకుని పక్కలకి ఊపితే కదులుతోందంటే హబ్బులో కోన్లు లూజు. రిమ్ము బాగానే ఉండి టైరు ఒకచోట ఉబ్బితే ఆ టైరు మార్చాల్సిందే.

నాలుగోది హ్యాండిలు పట్టు. ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి, హ్యాండిలు గట్టిగా తిప్పాలి. చక్రం కదలకుండా హ్యాండిలు ఒక్కటే తిరిగిందంటే లోపలి బోల్టు వదులైనట్టు. పాత రకంలో హ్యాండిలు కాడ మీద ఇంతకంటే పైకి లేపొద్దని ఒక గీత ఉంటుంది. పొడుగ్గా ఉన్నవాళ్ళు ఎత్తు కోసం ఆ గీత బయటికి కనిపించేదాకా లేపుతారు. అది చాలా ప్రమాదం, నడుస్తుండగానే హ్యాండిలు చేతికి ఊడి రావచ్చు.

ఐదోది కప్పులు, గుండ్లు. దీనికి రెండు పరీక్షలు. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిలును ముందుకీ వెనక్కీ ఊపాలి. ఇంకో చేతి వేళ్ళు కింది కప్పు, ఫోర్కు కలిసే చోట ఉంచాలి. అక్కడ కదలిక తెలిస్తే లూజు. బ్రేకు రబ్బర్లే కదిలి మనల్ని మోసం చేయవచ్చు కాబట్టి, హ్యాండిలు పూర్తిగా పక్కకి తిప్పి ఇంకోసారి ఊపి చూడాలి. రెండోది మేము చేసిన పరీక్ష. చక్రం పైకెత్తి హ్యాండిలు మెల్లగా తిప్పడం. ఎక్కడా పట్టకుండా, గరగర లేకుండా తనంతట తాను ఒక పక్కకి వాలిపోవాలి. బ్రేకు వైర్లు పొట్టిగా ఉండి లాగుతుంటే కూడా వాలదు, అది వేరుగా చూసుకోవాలి. లూజు ఎంత చెడ్డదో అతి బిగువు కూడా అంతే చెడ్డది. లూజు ఉందని గట్టిగా బిగించేస్తే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే. ముందు షాక్ అబ్జార్బర్లు ఉన్న రకమైతే, ఆ గొట్టాలు అరిగిపోయి కూడా ఇలాగే టకటకమంటాయి. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వేలు పెట్టి తెలుసుకోవాలి.

ఆరోది ఫోర్కు, ఫ్రేము. పక్క నుంచి చూస్తే ఫోర్కు పైభాగం ఫ్రేము ముందు గొట్టంతో ఒకే వరసలో ఉండాలి. దేన్నయినా గుద్దుకున్న సైకిలుకి ఫోర్కు వెనక్కి వంగుతుంది. మలుపులో కాలివేళ్ళు ముందు టైరుకి తగలడం మొదలైతే అనుమానించాలి. ముందు గొట్టం వెనక, కింది కడ్డీ అతుకు దగ్గర రంగు ముడతపడినా, సన్నటి గీత కనిపించినా అది పగులు కావచ్చు.

ఏడోది వెనక చక్రం. ఇది చాలామందికి తోచదు. వెనక చక్రం వంకరగా బిగిస్తే ముందు హ్యాండిలు ఎంత బాగున్నా సైకిలు ఒక పక్కకే లాగుతుంది. ఫ్రేము తిన్నగా ఉందో లేదో ఒక దారంతో తేల్చవచ్చు. వెనక ఇరుసు ఒక పక్క దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, వెనక్కి తెచ్చి రెండో పక్క కట్టాలి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా స్కేలుతో కొలవాలి. సమానంగా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. ఇంకా తేలికది కావాలంటే, టైర్లు తడిపి పొడి సిమెంటు నేల మీద తిన్నగా తొక్కి జాడలు చూడాలి. రెండు జాడలూ ఒకదాని మీద ఒకటి పడకుండా ఎప్పుడూ ఒకే పక్కకి తప్పుతుంటే చక్రాలు వరసలో లేవన్నమాట.

ఇదంతా కలిపి పావుగంట పని. మా సైకిలుకి ఐదో పరీక్షలోనే జబ్బు దొరికింది. కప్పుల సెట్టు మార్చి, పాత గుండు ఒకటి చూపించి అదే సైజువి తెచ్చి, డీజిల్‌తో కడిగి, గ్రీజు పెట్టి బిగించాం. అంతకుముందు టైరుకీ హ్యాండిలుకీ పెట్టిన ఖర్చులో సగం కూడా కాలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. దాన్ని దాటేసి పోకూడదు. "మా పిల్లల్ని చదువుకోమని హాస్టల్లో చేర్చాం గాని, గ్రీజు పూసుకోమని కాదు" అని కొందరు తల్లిదండ్రులు అంటారు. ఆ మాటలో కోపం కంటే బాధ ఎక్కువ ఉంది. మన ఇళ్ళల్లో తరతరాలుగా చేతిపని మనం ఎంచుకున్నది కాదు, మన నెత్తిన పెట్టింది. ఆ పని నుంచి పిల్లల్ని తప్పించడానికే వాళ్ళు ఇంత కష్టపడ్డారు. ఆ బాధను మేము గౌరవిస్తాం. కాని పుట్టుకతో అంటగట్టిన పని వేరు, ఇష్టపడి నేర్చుకున్న విద్య వేరు. ఎందుకు పాడైందో కనుక్కోవడం చదువులో భాగమే. పానా పట్టుకున్నంత మాత్రాన పుస్తకం జారిపోదు.

రైటు సోదరులు ఎవరు? అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో 1892లో సైకిలు షాపు పెట్టుకున్నవాళ్ళు. ఎడమకి తిరగాలనుకున్నవాడు తెలియకుండానే ముందు హ్యాండిలును కొంచెం కుడికి తిప్పుతాడని విల్బర్ రైటు గమనించి, తొక్కేవాళ్ళనే అడిగి చూశాడు. అలా సమతూకం గురించి ఆలోచించినవాళ్ళే 1903లో విమానం ఎగరేశారు. అసలు ఈ మౌంటెన్ బైకు పుట్టింది కూడా పాత సామాన్లలో నుంచే. కాలిఫోర్నియాలో 1970లలో కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళు సంపాదించి కొండ దారుల్లో కిందికి తొక్కేవారు. ఒక్కసారి దిగేసరికి వెనక బ్రేకు వేడెక్కి గ్రీజంతా మాడిపోయేది. మళ్ళీ గ్రీజు కూరాలి. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అని, అంటే మళ్ళీ కూరడమని, పేరు వచ్చింది. 1976లో అక్కడ పందేలు మొదలయ్యాయి. విరిగినదాన్ని చూసి ఎందుకు విరిగిందని అడుగుతూ, మార్చుకుంటూ పోయినవాళ్ళ చేతుల్లో నుంచి ఒక కొత్త రకం సైకిలు వచ్చింది.

అందుకని ఈ వార్షికోత్సవ సందర్భంగా మా మనవి మూడు మాటల్లో చెప్తాం.

ఒకటి, దాతలకు. ఇది ముందు మాకు మేము చెప్పుకుంటున్నది. ఇకమీదట సైకిలు ఇచ్చేవాళ్ళు దానితోపాటు పనిముట్ల పెట్టె కూడా ఇవ్వాలి. రెండు మూడు సైజుల పానాలు, స్క్రూడ్రైవరు, గాలిపంపు, పంచరు సామాను, స్పోకుల తాళం, గ్రీజు డబ్బా, నూనె సీసా. పెద్ద ఖర్చు కాదు. మన హాస్టల్‌కి ఈ పెట్టె మేము ఇస్తున్నాం. బాలికల హాస్టల్‌కి కూడా ఒకటి ఇద్దామని పూర్వ విద్యార్థులను కోరుతున్నాం. సైకిలు వాళ్ళూ తొక్కుతారు, పడితే దెబ్బ వాళ్ళకీ తగులుతుంది.

రెండు, తమ్ముళ్ళకు. నెలలో ఒక ఆదివారం, బట్టలు ఉతుక్కున్న తరువాత, సైకిళ్ళన్నీ వరసగా పెట్టి ఈ ఏడు పరీక్షలూ చేయండి. సముద్రం దగ్గరికి పోయి వస్తే మంచినీళ్ళతో తుడిచి ఆరబెట్టండి. ఫోర్కు వంగినా, ఎక్కడైనా పగులు కనిపించినా, హ్యాండిలు పట్టు జారినా, ముందు బ్రేకు పడకపోయినా ఆ సైకిలును ఎవరూ ఎక్కకూడదు. ఒక గుడ్డ కట్టి పక్కన పెట్టండి. వంగిన ఫోర్కును కొట్టి తిన్నగా చేయించకండి, మార్పించండి. ఫ్రేముకి పగులు ఉంటే ఆ సైకిలు మీద ఆశ వదులుకోండి. నెల్లూరు - మైపాడు రోడ్డు మీద బస్సులు, లారీలు ఎంత ఒరుసుకుపోతాయో మీకు మేము చెప్పక్కర్లేదు.

మూడు, మనందరికీ. ఎవడైనా పడితే ముందు వాడి మాట వినాలి. "హ్యాండిలు తిరగలా" అన్నవాడికి సామెత చెప్పకుండా, చక్రం పైకెత్తి చూడాలి. లెక్కల్లో తప్పిన తమ్ముడి విషయంలోనూ ఇంతే. వాడికి బుర్ర లేదనేముందు బోర్డు కనపడుతోందా, కింది తరగతిలో ఎక్కడ తెగిపోయింది, రాత్రి నిద్ర పడుతోందా అని వరసగా అడిగి చూద్దాం. అన్నీ చూశాక తొక్కేవాడిదే లోపమని తేలితే, అప్పుడు పక్కన పరుగెత్తి నేర్పిద్దాం. అదీ మన పనే.

గడ్డం కింద కుట్లు పడ్డ తమ్ముడి పేరు ఇక్కడ రాయడం లేదు. వాడికి తెలుసు. నువ్వు నిజమే చెప్పావురా, మేమే వినలేదు. అందరి ముందూ నవ్వాం కాబట్టి అందరూ చదివే ఈ సంచికలోనే క్షమించమని అడుగుతున్నాం. సైకిలు ఇప్పుడు తిన్నగా పోతోంది. పనిముట్ల పెట్టె తాళంచెవి నీ దగ్గరే ఉంచమని వార్డెను గారికి చెప్పాం.